సిలిండర్‌లో సాధువు.. ఛాంబర్‌లో పులి!

చిప్ ఫ్యాక్టరీల్లో వాడే ఒక ఫ్లోరిన్ వాయువు కథ ఇది. దీన్ని అర్థం చేసుకున్నవారికి కోర్ ఉద్యోగాల్లో ఓ కొత్త తలుపు కనిపిస్తుంది.

సెమీకండక్టర్ ఉద్యోగం అనగానే మన దగ్గర ఠక్కున వినిపించే మాట వీఎల్‌ఎస్‌ఐ. ఈసీఈ చదివి, అమీర్‌పేటలో కోర్సు చేసి, గచ్చిబౌలి వైపు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్ చేయడం. మంచిదే. కానీ డిజైన్ చేసిన చిప్‌ను ఎవరో ఎక్కడో తయారు చేయాలి కదా! అలా తయారు చేసే చోటును ఫ్యాబ్ అంటారు. అక్కడ కోడింగ్ కంటే కెమిస్ట్రీ పాత్ర ఎక్కువ. రామంతాపూర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేస్తున్నవారు, తార్నాక చుట్టుపక్కల కాలేజీల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నవారు, చర్లపల్లి సీపెట్‌లో శిక్షణ పొందుతున్నవారు ‘ఇది మనది కాదులే’ అని వదిలేస్తున్న రంగం ఇదే.

ముందుగా ఓ ప్రశ్న. ఫ్యాబ్‌లో మూడు చోట్లు ఉన్నాయనుకోండి. ఒకటి గ్యాస్ సిలిండర్లు ఉంచే గది. రెండోది ఆ గ్యాస్‌ను వాడే ఛాంబర్. మూడోది ఛాంబర్ నుంచి బయటకొచ్చే వ్యర్థ వాయువును లాగే పంపులు ఉన్న చోటు. సర్వీసింగ్‌కు వెళ్లిన టెక్నీషియన్ ఎక్కడ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి?

చాలామంది సిలిండర్ గది అంటారు. సిలిండర్‌తో ముప్పు లేదని కాదు. కానీ ఇప్పుడు చెప్పుకోబోయే వాయువు విషయంలో అసలు జాగ్రత్త అవసరమయ్యేది ఛాంబర్ దాటాక, పంపుల దగ్గర. ఎందుకో తెలియాలంటే దాని స్వభావం తెలియాలి.

ఏమిటీ ఎన్‌ఎఫ్‌3?

పేరు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. ఒక నైట్రోజన్, మూడు ఫ్లోరిన్ పరమాణువులు. ఇంటర్‌లో అమ్మోనియా నిర్మాణం గీసిన గుర్తుందా? హైడ్రోజన్ల స్థానంలో ఫ్లోరిన్‌లు పెడితే ఇదే. 1928లో జర్మనీకి చెందిన ఒట్టో రఫ్ బృందం దీన్ని తొలిసారి తయారు చేసింది. రంగు లేదు. స్వచ్ఛంగా ఉంటే వాసనా లేదు. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. కాబట్టి లీకైతే పైకి పోకుండా నేల మీద, గుంటల్లో పేరుకుంటుంది. దానికది మండదు. మామూలు ఉష్ణోగ్రతలో నీటితో, లోహాలతో పెద్దగా గొడవ పెట్టుకోదు. అందుకే దీన్ని సాధువు అన్నది.

మన వంటగ్యాస్‌తో ఒక తేడా ఉంది. ఎల్పీజీ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. అందుకే ఎంత మిగిలిందో తెలియాలంటే బరువు చూడాలి. ఎన్‌ఎఫ్‌3ని మైనస్ 39 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబరిస్తే తప్ప ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవం కాదు. మన హైదరాబాద్ వాతావరణంలో సిలిండర్ నిండా ఉండేది గట్టిగా కుక్కిన వాయువే. వాడేకొద్దీ ప్రెజర్ గేజ్ ముల్లు పడిపోతుంటుంది. క్రిటికల్ టెంపరేచర్ అని ఫిజికల్ కెమిస్ట్రీలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన మాటకు ఇదే అసలు అర్థం.

ఇక పులి ఎక్కడుంది? వేడిలో ఉంది. దాదాపు 300 డిగ్రీలు దాటిందంటే ఈ వాయువు విడిపోవడం మొదలుపెట్టి, ఫ్లోరిన్ ఇచ్చే బలమైన ఆక్సిడైజర్‌గా మారుతుంది. అంత వేడి ఫర్నేస్‌లోనే కాదు, వాల్వ్ దగ్గరా పుట్టగలదు. అధిక పీడనంలో ఉన్న సిలిండర్ వాల్వ్‌ను ఒక్కసారిగా తిప్పితే, ఎదురుగా ఉన్న చిన్న పైపులోకి గ్యాస్ దూసుకెళ్లి నొక్కుకుపోతుంది. సైకిల్ పంపు గబగబా కొడితే కింద వేడెక్కినట్టు అక్కడా వేడెక్కుతుంది. ఆ చోట కాస్త నూనె, గ్రీజు, లోహపు పొడి ఉన్నా అంటుకుంటుంది. ఆపై లోహమే మండొచ్చు. అందుకే ‘వాల్వ్ మెల్లగా తిప్పు, గ్రీజు చేతులతో ముట్టకు’ అనేది ఈ పనిలో తొలి పాఠం. ఆక్సిజన్ సిలిండర్‌తో పనిచేసిన వెల్డర్‌ను అడగండి, ఇదే చెబుతాడు. సైలేన్, హైడ్రోజన్ లాంటి మండే వాయువులతో ఎన్‌ఎఫ్‌3 కలిస్తే పేలుడు మిశ్రమమే. వాటి సిలిండర్లను వేరువేరు చోట్ల ఉంచేది అందుకే.

చిప్‌కీ దీనికీ సంబంధం ఏమిటి?

సిలికాన్ వేఫర్ మీద ఆక్సైడ్, నైట్రైడ్ లాంటి పలుచని పొరలు వేయడానికి సీవీడీ అనే యంత్రం ఉంటుంది. చిక్కేమిటంటే, పొర వేఫర్ మీదే కాదు, ఛాంబర్ గోడలకూ అంటుకుంటుంది. పాలు కాచిన గిన్నెకు అడుగంటినట్టు. వేసిన కొద్దీ మందమై, పెచ్చులూడి వేఫర్ మీద పడితే ఆ చిప్‌లు చెత్తబుట్టకే. ప్రతిసారీ ఛాంబర్ విప్పి కడగాలంటే గంటలకు గంటలు ఉత్పత్తి ఆగిపోతుంది.

అందుకే విప్పకుండా గ్యాస్‌తోనే కడుగుతారు. ఎన్‌ఎఫ్‌3ని పక్కనే ఉన్న ప్లాస్మా యంత్రంలోకి పంపి ముక్కలు చేస్తారు. విడిపోయిన ఫ్లోరిన్ పరమాణువులు ఛాంబర్‌లోకి వచ్చి గోడల మీది సిలికాన్‌ను పట్టుకుంటాయి. సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువుగా మారిన మురికిని పంపు లాగేస్తుంది. చిప్‌లతో పాటు టీవీ, ఫోన్ డిస్‌ప్లే ప్యానెళ్ల ఫ్యాక్టరీల్లోనూ ఇదే పద్ధతి.

ఇప్పుడు ముందు వేసిన ప్రశ్నకు రండి. సిలిండర్ నుంచి బయల్దేరింది ఎన్‌ఎఫ్‌3. ఛాంబర్ దాటాక పంపులోకి వచ్చేది మాత్రం ఫ్లోరిన్, సిలికాన్ టెట్రాఫ్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటివి. సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌కు తేమ తగిలిందంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. నైట్రైడ్ పొరలు వేసే యంత్రాల్లో అమ్మోనియా కూడా వాడతారు కాబట్టి పైపుల లోపల తెల్లటి పొడి పేరుకుంటుంది. అది అమ్మోనియం ఫ్లోరోసిలికేట్. చూస్తే సున్నం పొడిలా ఉంటుంది. పంపు మొరాయించిందని పైపు విప్పి, ఆ పొడిని చేత్తో తుడిచే కుర్రాడే ప్రమాదానికి దగ్గరగా ఉన్నవాడు. ఆ పొడి విషమని, తేమ తగిలితే ఫ్లోరైడ్ ఆమ్లం తయారవుతుందని అతనికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

ఒంట్లోకి వెళ్తే..

ఎన్‌ఎఫ్‌3ని పీలిస్తే రక్తంలోని హిమోగ్లోబిన్ మెథెమోగ్లోబిన్‌గా మారుతుంది. అది ఆక్సిజన్‌ను మోయలేదు. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి, తల తిరుగుతుంది, నీరసం వస్తుంది. కొవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ ఈ స్థితిలో సరైన అంకె చూపదు. కాబట్టి ‘రీడింగ్ పర్లేదులే’ అని కూర్చోకూడదు. గాలి తగిలే చోటుకు తీసుకెళ్లి, ఆక్సిజన్ పెట్టి, ఏ గ్యాస్ పీల్చారో డాక్టర్‌కు పేరుతో సహా చెప్పాలి. రోజుకు 8 గంటల పనిలో గాలిలో ఇది 10 పీపీఎం దాటకూడదన్నది అమెరికా ప్రమాణం. 1000 పీపీఎం అంటే ప్రాణానికి తక్షణ ముప్పు. వాసన రాదు కాబట్టి ముక్కును నమ్మే పని కాదు. దీన్ని కనిపెట్టే సెన్సర్లలో ఒక రకం గమ్మత్తుగా పనిచేస్తుంది. లోపలికి లాగిన గాలిని ముందు బాగా వేడి చేస్తుంది. ఎన్‌ఎఫ్‌3 ఉంటే విడిపోతుంది, అలా వచ్చిన ఫ్లోరైడ్‌ను సెన్సర్ పట్టుకుంటుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవారికి ఈ రంగంలో గిరాకీ ఇలాంటి చోటే.

హైడ్రోజన్ ఫ్లోరైడ్ సంగతి ఇంకా కఠినం. చర్మం మీద పడితే లోపలికి దిగి కాల్షియంను పట్టేస్తుంది. పలుచని ద్రావణమైతే వెంటనే మంట కూడా తెలియదు. కొన్ని గంటల తర్వాత భరించలేని నొప్పి మొదలవుతుంది. ఎక్కువ మోతాదైతే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. అందుకే ఇది వాడే ప్రతి చోటా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కాల్షియం గ్లూకొనేట్ జెల్ ఉండాలి. ముందు నీళ్లతో బాగా కడగడం, తర్వాత జెల్, ఆపై ఆసుపత్రి. 2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలోని గుమి పట్టణంలో ట్యాంకర్ నుంచి ఈ ఆమ్లాన్ని దించుతుండగా లీకై అయిదుగురు కార్మికులు చనిపోయారు. చుట్టుపక్కల వేల మంది చికిత్స తీసుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు పేరున్న ఊరు అది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ దగ్గర జరిగింది మనకింకా గుర్తే. అక్కడ లీకైన స్టైరీన్ వేరు, ఇది వేరు. కానీ ప్లాంట్‌లో ఎవరి షిఫ్టులో ఏ మీటర్ చూడలేదన్నది కంచె అవతలి ఊరికి చావుబతుకుల విషయమని రెండూ చూపించాయి.

నల్గొండ నేర్పిన పాఠం

ఫ్లోరిన్ గురించి తెలంగాణవాళ్లకు వేరే చెప్పాలా! మర్రిగూడ, మునుగోడు పేర్లు వింటే వంగిన నడుములే గుర్తొస్తాయి. ఎముకల్లోని కాల్షియంతో ఫ్లోరైడ్ పెట్టుకునే స్నేహమే అక్కడా, ఆమ్లం పడిన వేలి మీదా కారణం. మోతాదు, వేగమే తేడా.

అదే స్నేహాన్ని ఫ్యాబ్‌లో మందుగా వాడతారు. ఛాంబర్ నుంచి వచ్చిన వ్యర్థ వాయువును కాల్చి లేదా ప్లాస్మాతో విడగొట్టి, నీటితో కడిగే యూనిట్ ఒకటుంటుంది. దాన్ని అబేట్‌మెంట్ యూనిట్ అంటారు. కడిగిన నీళ్లలో ఫ్లోరైడ్ చేరుతుంది. ఆ నీళ్లలో సున్నం కలిపితే కాల్షియం ఫ్లోరైడ్ బురదగా కిందికి దిగుతుంది. అయినా ఒక్క సున్నంతో పని పూర్తికాదు. లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ నీళ్లలోనే కరిగి ఉంటుంది. తాగునీటిలో అయితే 1, గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములే ఉండాలి. ఇంకా తగ్గించాలంటే రెండో దశలో పటిక లాంటి అల్యూమినియం లవణం వాడతారు. సున్నం, పటిక.. ఎక్కడో విన్నట్టుందా? నాగ్‌పూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పల్లెల కోసం రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’ కూడా సున్నం, పటికలతోనే. ఇంటర్వ్యూలో ఫ్లోరైడ్ వ్యర్థ జలాల ప్రశ్న వస్తే మన జిల్లా పేరుతోనే జవాబు మొదలుపెట్టండి. అవతలివాళ్లు చెవి నిక్కబొడుచుకుంటారు.

ఆకాశానికెళ్లిన లెక్క

ఈ వాయువుకు ఇంకో ముఖం ఉంది. 1990ల దాకా ఛాంబర్లు కడగడానికి కార్బన్ టెట్రాఫ్లోరైడ్, హెక్సాఫ్లోరోఈథేన్ వాడేవారు. వాటిలో పెద్ద భాగం విడిపోకుండానే గాలిలోకి పోయేది. అవి భూమిని బాగా వేడెక్కించే వాయువులు. ఎన్‌ఎఫ్‌3 అయితే ప్లాస్మాలో 95 శాతానికి పైగా విడిపోతుంది కాబట్టి పర్యావరణానికి మేలని పరిశ్రమ ఇటు మళ్లింది. ఆలోచన తప్పు కాదు. కానీ తయారీలో, నింపడంలో, పైపుల్లో తప్పించుకునేదాన్ని ఎవరూ సరిగ్గా కొలవలేదు. 2008లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ శాస్త్రవేత్తలు గాలి నమూనాలు పరీక్షిస్తే వాతావరణంలో 5,400 టన్నుల ఎన్‌ఎఫ్‌3 ఉన్నట్టు తేలింది. 2006కు 1,200 టన్నుల లోపే ఉంటుందన్న అంచనాలు ఉండేవి. కొలిస్తే ఆ ఏటికే 4,200 టన్నులు! ఏటా 11 శాతం చొప్పున పెరుగుతూ వచ్చింది. 1997 నాటి క్యోటో ఒప్పందం జాబితాలో దీని పేరే లేదు. 2012లో దోహా సమావేశంలో చేర్చారు.

ఒక కిలో ఎన్‌ఎఫ్‌3 వందేళ్లలో 17,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుందని ఐపీసీసీ తాజా లెక్క. అర్థమయ్యేలా చెప్పాలంటే, లీటర్ పెట్రోల్ మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ బండి లీటర్‌కు 50 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, కిలో ఎన్‌ఎఫ్‌3 గాలిలో కలవడమంటే దాదాపు 3 లక్షల 78 వేల కిలోమీటర్లు బండి నడిపినట్టు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బయల్దేరితే ఇంచుమించు చందమామ దాకా. పైగా గాలిలో కలిసిందంటే 500 ఏళ్లకు పైగా అక్కడే ఉంటుంది. గ్యాస్ లైన్‌లో చిన్న లీకును హీలియం పరీక్షతో పట్టుకునే టెక్నీషియన్ చేసే మేలు ఎంతటిదో ఈ లెక్కే చెబుతుంది. పెద్ద చిప్ కొనుగోలుదారులు సరఫరాదారుల ఉద్గారాల లెక్కలు అడుగుతుండటంతో ఇది ఇప్పుడు కంపెనీలకు వ్యాపార విషయం కూడా.

మన ఇలాకాలో ఏముంది?

ఉన్నమాట చెప్పుకోవాలి. మల్కాజిగిరి ప్రాంతంలో చిప్ ఫ్యాబ్ లేదు. ఉద్యోగం కోసం బయటికి వెళ్లాల్సి రావొచ్చు. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా - పీఎస్ఎంసీ ఫ్యాబ్‌కు 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. పెట్టుబడి రూ.91 వేల కోట్లు. లక్ష్యం నెలకు 50 వేల వేఫర్లు. మొహాలీలో ప్రభుత్వ రంగ ఎస్‌సీఎల్ ఉంది. హైదరాబాద్‌లోనే విజ్ఞానకంచలో రక్షణ రంగానికి గాలియం ఆర్సెనైడ్ చిప్‌లు చేసే గేటెక్ ఉంది. మహేశ్వరం ఈ-సిటీలో ప్రీమియర్ ఎనర్జీస్ సోలార్ సెల్స్ చేస్తోంది. సోలార్ సెల్ తయారీ అంటేనే సైలేన్, అమ్మోనియా, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పని. అక్కడ నేర్చుకున్నది రేపు ఫ్యాబ్‌లో పనికొస్తుంది.

ఒక గందరగోళం తొలగించుకోండి. వార్తల్లో వచ్చే ప్రతి ‘సెమీకండక్టర్ యూనిట్’ ఫ్యాబ్ కాదు. సాణంద్‌లో మైక్రాన్, అస్సాంలోని జాగీరోడ్‌లో టాటా, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదం దక్కిన యూనిట్.. ఇవన్నీ తయారైన చిప్‌లను ప్యాకేజీ చేసి పరీక్షించేవి. వాటిలో ఛాంబర్లు కడిగే ఎన్‌ఎఫ్‌3 పని దాదాపు ఉండదు. అప్లికేషన్ పెట్టేముందు ఏది ఏదో చూసుకోండి. ‘గ్యాస్ సిస్టమ్స్ నేర్చుకున్నా’ అని ప్యాకేజింగ్ యూనిట్‌లో చెబితే పెద్దగా కలిసిరాదు.

ఇక ఇంటి పక్కన చూస్తే, తార్నాక - హబ్సిగూడ మధ్య ఐఐసీటీ ఉంది. 1944లో మొదలైన ప్రయోగశాల అది. ఫ్లోరిన్ రసాయనాల మీద అక్కడ ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. ఎమ్మెస్సీ వారు ప్రాజెక్టు కోసం తలుపు తట్టాల్సిన చోటు. 1967లో ఏఎస్ రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్, మౌలాలి వైపున్న ఎన్‌ఎఫ్‌సీ ఐటీఐ చేసినవారికి అప్రెంటిస్ అవకాశాలు ఇస్తుంటాయి. అక్కడ ఎన్‌ఎఫ్‌3తోనే పనిచేస్తారని కాదు. కానీ శుద్ధి, లీక్ టెస్ట్, వర్క్ పర్మిట్, లాగ్ బుక్ లాంటి క్రమశిక్షణ అలాంటి సంస్థల్లోనే ఒంటబడుతుంది. నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల్లోని చిన్న యూనిట్లను తీసిపారేయకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబులకు ఆర్బిటల్ వెల్డింగ్ నేర్పే షాపు దొరికితే ఆరు నెలలు తక్కువ జీతానికైనా చేరమంటాను. ఫ్యాబ్‌లో గ్యాస్ లైన్లన్నీ ఆ వెల్డింగ్‌తోనే నడుస్తాయి. మంచి వెల్డర్ దొరకడం చాలా కష్టం.

ఏఐసీటీఈ ఐసీ మాన్యుఫ్యాక్చరింగ్ డిప్లొమాకు పాఠ్యప్రణాళిక ఇచ్చింది. ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల ఐఎన్‌యూపీ కార్యక్రమం కింద బయటి విద్యార్థులకూ క్లీన్ రూమ్‌లో చేతులతో పనిచేసే శిక్షణ దొరుకుతుంది. ఎన్‌పీటెల్‌లో మైక్రో, నానో ఫ్యాబ్రికేషన్ పాఠాలు ఉచితంగా చూడొచ్చు. సిలిండర్ల రవాణా, నిల్వకు సంబంధించిన గ్యాస్ సిలిండర్స్ రూల్స్ - 2016 ఒకసారి తిరగేయండి. ఈహెచ్‌ఎస్ పోస్టుకు వెళ్లేవారికి అది బాగా పనికొస్తుంది.

ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. జీతం, షిఫ్టులు సరే. వాటితో పాటు ఇవీ అడగండి. పంపు లైన్ విప్పే ముందు ఎంతసేపు నైట్రోజన్‌తో శుభ్రం చేస్తారు? అబేట్‌మెంట్ యూనిట్ ఆగిపోతే యంత్రం దానంతటదే ఆగుతుందా, లేక ఉత్పత్తి నడుస్తూనే ఉంటుందా? కాల్షియం గ్లూకొనేట్ జెల్ ఎక్కడ ఉంచుతారు, దాని గడువు తేదీని ఎవరు చూస్తారు? కాంట్రాక్టు కార్మికులకూ ఇదే శిక్షణ ఇస్తారా? పద్ధతిగా నడిచే కంపెనీ ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది. విసుక్కుంటే, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఇంకో రోజు ఆలోచించుకోండి.